పరదేశప్రసవమున కర్తృత్వవిచారము

గర్భిణి యొకతె పరదేశమునకు బోయి, భాషయు నాచారమును వేఱైన వైద్యశాలలో బిడ్డను గనుట సాహిత్యవిమర్శకు దగిన విషయమగునా యని మిత్రులైన పండితు లొకరు నన్ను బ్రశ్నించిరి. సూతికాగృహవృత్తాంతము వైద్యునకు విషయము, గృహిణులకు విషయము. శబ్దార్థములను విచారించువానికి దానితో బనియేమి యని వారి యాశయము. ఈ ప్రశ్నకు సమాధానముగా నీ వ్యాసము వ్రాయబూనితిని. శబ్దార్థముల విచారము లేనిదే యా విషయము బోధపడదని నా పక్షము.

మన మహాకవులకు బరగృహమున బ్రసవించిన గర్భిణులు క్రొత్తవారు కారు. కాళిదాసుని శకుంతల గర్భవతియై హస్తినాపురమునకు బోయి, పంచమాంకమున నిరాకృతయైనది. సప్తమాంకమున మారీచాశ్రమమునందు సింహకిశోరముతో నాడుకొను బాలుని జూతుము. నడుమ జరిగిన పురుడు తెరవెనుకనే జరిగినది. భవభూతి యుత్తరరామచరితమున సీత ప్రథమాంకమున నిండుచూలాలు; ద్వితీయాంకము వచ్చుసరికి బండ్రెండేండ్లు గడచిపోయినవి. మన కవులు గర్భిణిని సూతికాగృహద్వారము వఱకు గొనివచ్చి, యచ్చట ముఖము ద్రిప్పుకొనిరి. ఇది వారి దోషమని నేననను, నాట్యమర్యాద యట్టిది. కాని యా ద్వారమునకు లోపల నేమి జరిగెనో యడిగెడి హక్కు పాఠకునకు మిగిలియే యున్నది. ఆ ద్వారమును దాటి లోనికి బోయిన యాంగ్లగ్రంథములు రెంటిని గైకొని, వాని గుణదోషముల నిచట విచారింతును.

మొదటిది ఝుంపా లాహిరి రచించి 2003లో బ్రకటించిన 'ది నేమ్‌సేక్' అను నవల. ఈ రచయిత్రి 1967లో లండనునందు వంగదేశీయులైన దంపతులకు జన్మించి, అమెరికాలో బెరిగినది. 1999లో వెలువడిన తన తొలి కథల సంపుటమునకు 2000వ సంవత్సరమున పులిట్జర్ బహుమానము నందినది. రెండవది ఆన్ ఫాడిమాన్ 1997లో బ్రకటించిన 'ది స్పిరిట్ క్యాచెస్ యు అండ్ యు ఫాల్ డౌన్'. ఇది కల్పన గాదు. లావోసు దేశపు గొండలను విడిచి యమెరికా చేరిన హ్మోంగు జాతివారి కుటుంబ మొకదాని వృత్తాంతము. ఆ కుటుంబములోని లియా యను బాలికకు వచ్చిన యపస్మారము గ్రంథమునకు బ్రధానవస్తువు. అయినను గ్రంథారంభము మాత్ర మామె జన్మవృత్తాంతమే. భూతము పట్టుకొనగా మనుష్యుడు పడిపోవునని గ్రంథనామమున కర్థము; అది యా వ్యాధికి హ్మోంగువారు పెట్టిన పేరు. పట్టుకొనునది గనుక గ్రహమని మనవారును అనిరి. ఇట్టి పోలికలు గ్రంథమున బెక్కులు గలవు.

ముందుగా నవల. 1968వ సంవత్సరము, ఆగస్టు మాసము. మాసచూసెట్సు రాష్ట్రపు గేంబ్రిడ్జి పట్టణమున, ఆషిమా యను వంగయువతి, ప్రసవమునకు రెండు వారములు ముందు, వంటయింట నిలుచుండి మరమరాలవంటి యొక యమెరికా తినుబండారమును, వేరుసెనగపప్పులను, తరిగిన యుల్లిపాయలను, పచ్చిమిరపముక్కలను గలుపుచున్నది. ఉప్పును నిమ్మరసమును గలదు; ఆవనూనె మాత్రము లేదు. కలకత్తా వీథులలో గాగితపు బొట్లములలో నమ్ము చిరుతిండికి నిది యొక యనుకరణము. గర్భము దాల్చిననాటినుండియు నామె దానినే తినుచున్నది.

సామాన్యపాఠకు డిది యొక ముచ్చట యని దాటిపోవును. మన శాస్త్రము నెఱిగినవా డిచట నిలువవలెను. ఇది దోహదము. చతుర్థమాసమున గర్భిణికి రెండు హృదయము లేర్పడునని, అప్పటి కోరికలను దీర్పకున్నచో గర్భమునకు హాని గలుగునని సుశ్రుతుడు శారీరస్థానమున జెప్పెను. దౌహృదమే ప్రాకృతమున దోహదమై, మరల సంస్కృతమున జేరినదని పెద్దల నిర్ణయము. భవభూతి నాటకమును దోహదముతోడనే ప్రారంభించెను: సీత మరల వనములను జూడగోరినది. లాహిరి నవలయును దోహదముతోడనే ప్రారంభమైనది. ఈ రెంటికిని గల భేదము గమనింపదగినది. సీత కోరిక తీరినది, కాని తీరిన కోరికయే పరిత్యాగమైనది. ఆషిమా యప్పటికే స్వదేశమునకు దూరమైనది. ఆమె కోరిక తన యూరి వీథి. అది తీరలేదు, తీరినట్లు కనబడు మాఱురూపము మాత్రము లభించినది. ఆవనూనె లేమి యన్నది వంటలోని లోపము గాదు, హృదయద్వయమునకు దగిలిన లోపము. రచయిత్రి సుశ్రుతుని జదివియుండవలెనని నేననను. గర్భిణి మనస్సును యథార్థముగా జూచినవా రెవరైనను నీ చోటికే వత్తురు.

అటుపిమ్మట వైద్యశాల. చీరను విప్పించి మోకాళ్లవఱకే వచ్చు నూలు దుస్తును దొడిగించిరి. తెరలతో వేఱు చేసిన మంచములపై మఱికొందఱు స్త్రీలున్నారు. వారి భర్తలు తమ ప్రేమను బైకి వినవచ్చునట్లు చెప్పుచున్నారు. ఆషిమా తన భర్తను బేరుపెట్టి పిలువదు; వినుచున్నారా యను నర్థమిచ్చు మాటతో బిలుచును. మన యిండ్లలోని 'ఏమండీ' వంటిదే యిది. అంతయు సవ్యముగా నున్నదని వైద్యుడు చెప్పును. ఆమెకు మాత్ర మేదియు సవ్యముగా దోపదు. వంగదేశమున స్త్రీ పురిటికి బుట్టినింటికి బోవును గదా యని యామె తలపోయును. తల్లిదండ్రులు కానుకగా నిచ్చిన గడియారమును జూచి, తొమ్మిదిన్నర గంటలు ముందున్న కలకత్తా కాలమును వ్రేళ్ల కణుపులపై లెక్కించుకొనును.

ఇందు వైద్యలోప మేదియు లేదు. వైద్యుడు సమర్థుడు, పరిచారిక ప్రసన్నురాలు. అయినను లోపమున్నది. చరకుడు శారీరస్థానమున సూతికాగారమును వర్ణించుచు, పలుమాఱులు ప్రసవించినవారును, సౌహార్దము గలవారును, ఎల్లప్పుడు ననురాగము గలవారునైన స్త్రీలు గర్భిణిని బరివేష్టించి యుండవలెనని విధించెను. అనురాగమును నేర్పుతోబాటు పరిచర్యాంగముగా బరిగణించుట యిచట ముఖ్యము. అది యలంకారము గాదు. కేంబ్రిడ్జి వైద్యశాలలో నేర్పు సమృద్ధముగా నున్నది. అనురాగవతులైన స్త్రీలు మాత్రము సముద్రమున కావలనున్నారు. ఇంత యొంటరిగా లోకమునకు వచ్చిన శిశువును దా నెఱుగనని ఆషిమా బిడ్డను జూచి జాలిపడుట యిందువలననే.

ఇక వైయాకరణునకు బ్రియమైన ఘట్టము. మగబిడ్డ కావలెనా, ఆడబిడ్డ కావలెనా యని పరిచారిక యడుగగా, పది చేతివ్రేళ్లును బది కాలివ్రేళ్లును నున్న జాలునని ఆషిమా యాంగ్లమున బదులు చెప్పినది. కాని వ్రేలు అను మాటను రెండుచోట్లను నేకవచనమున బ్రయోగించినది. పరిచారిక చిఱునవ్వు కొంచె మెక్కువయైనది. వెంటనే తన తప్పు నామెకు దెలిసినది. ఆ తప్పు, అప్పుడే కలిగిన ప్రసవవేదనతో ఇంచుమించు సమానమైన బాధ గలిగించెనని రచయిత్రి చెప్పుచున్నది. ఏలన, కలకత్తాలో నామె చదివిన విద్య యాంగ్లమే. ఇరుగుపొరుగు బాలురకు దానిని జెప్పినదియు నామెయే.

ఇది నిజముగా దప్పా? వంగభాషలో సంఖ్యావాచకమున్నచోట నామమునకు బహువచనప్రత్యయ మక్కఱలేదు. ఉక్తమైన యర్థమునకు మరల బ్రయోగము వలదని మన వైయాకరణుల న్యాయము. 'పది' యన్నప్పుడే బహుత్వ ముక్తమైనది. ప్రత్యయము దానినే మరల జెప్పును. సంస్కృతము సంఖ్యతో గూడినచోట నీ న్యాయమును బాటింపక, నామమునను బహువచనమునే కోరును, ఆంగ్లమును నట్లే. జాతిని జెప్పునపుడు ఏకవచనబహువచనములు రెండును సాధువులని పాణిని 1.2.58 సూత్రమున వికల్పము చెప్పెను. అనగా వచనవ్యవస్థ భాషాధీనము గాని బుద్ధిహీనతకు గుఱుతు గాదు. ఆషిమా ప్రయోగ మాంగ్లమున నసాధువు. ఆమె తర్కము నిర్దుష్టము. ఆ మాటలోని యర్థమేమి? బిడ్డ సర్వాంగసంపూర్ణముగా నుండవలెనను తల్లి ప్రార్థన. పరిచారిక ప్రార్థనకంటె ముందు ప్రత్యయమును వినినది.

ఇచట నా నేర మొకటి యొప్పుకొనవలసియున్నది. ముప్పది సంవత్సరములు పాఠశాలలో వ్యాకరణము జెప్పితిని. పిల్లలు వణకుచు వచ్చి యేమేమో విన్నవించునప్పుడు, వారి మాట వినుటకు ముందే విభక్తిని సవరించిన దినములు నాకు గలవు. పరిచారిక చిఱునవ్వు నాకు బరాయిది గాదు. ఈ పత్రికను జదువు నుపాధ్యాయులలో గొందఱికైన నట్లే తోచవచ్చును.

నామకరణవృత్తాంతమును నిట్టిదే. బిడ్డకు బేరు ఆషిమా యవ్వ నిర్ణయింపవలెను. ఆమె వ్రాసిన యుత్తరము దారిలోనే యున్నది, ఎన్నటికిని జేరలేదు. పేరు లేనిదే జననపత్రము లేదు, జననపత్రము లేనిదే యింటికి బోరాదని వైద్యశాలవారి నియమము. తప్పనిసరియై తండ్రి, తన ప్రాణమును గాపాడిన పుస్తకమును వ్రాసిన రష్యారచయిత పేరగు గోగోల్ అనుదానిని ముద్దుపేరుగా నిచ్చెను. మన గృహ్యసూత్రములు నామకరణమునకు దినము చెప్పినవి, అధికారిని జెప్పినవి. అచటి కచ్చేరియు దినము చెప్పినది, అధికారిని జెప్పినది. రెండును విధులే. రెండు విధులు విరోధించినపుడు బలాబలవిచారము చేయువారు లేక, బలవంతుని విధియే చెల్లినది. ఆ యొక్కటి నుండియే నవల యంతయు బుట్టినది. కావున ప్రథమాధ్యాయము కథకు ముందుమాట మాత్రమే యనువారి మతము నా కంగీకారము గాదు. అది బీజము, తక్కినది దాని వికాసము.

ఇక రెండవ గ్రంథము. లియా 1982 జూలై 19వ తేదీన గేలిఫోర్నియా రాష్ట్రపు మెర్సెడ్ పట్టణములోని వైద్యశాలయందు జన్మించినది. ఆమె తల్లి ఫౌవా లావోసున బూర్వసంతానమును గన్న విధమును ఫాడిమాన్ ముందుగా వర్ణించినది. మట్టినేలపై గొంతుకూర్చుండి, మూల్గిన బ్రసవ మాగునను నమ్మకముచే సద్దు చేయక, తన చేతులతోడనే శిశువు శిరస్సును మెల్లగా వెలికి దీసి, ముంజేతులమీదికి జాఱనిచ్చెడిది. మంత్రసాని లేదు. గొంతెండినచో భర్త చూపు మఱలించి వేడినీళ్లు తెచ్చి యీయవచ్చును, అంతే. అమెరికాలోనో లోహపుబల్లపై వెల్లకిల బరుండబెట్టిరి, దేహమును వస్త్రములతో గప్పిరి, పెద్దదీపమును వెలిగించిరి. తనవా రొక్కరును గదిలో లేరు; ఆమె భాష యెఱిగినవా రసలే లేరు.

పై రెండు వృత్తాంతములను సామాన్యముగా నొక్కగాటగట్టి, రెండును నేకాకిత్వమే యందురు. నేనట్లు చెప్పను. ఆషిమాకు లోపించినది బంధువులు. ఫౌవా స్వదేశమునందు సైతము పరులచేతి సాయము లేకయే కన్నది. కావున నామెకు లోపించినది బంధువులు మాత్రమే కాదు, కర్తృత్వము.

స్వతంత్రుడైనవాడే కర్త యని పాణిని 1.4.54 సూత్రమున నిర్వచించెను. ప్రసవక్రియయందు గర్త యెవరు? ధాతుపాఠము 'షూఙ్' అను ధాతువునకు బ్రాణి గర్భమును విడుచుట యని యర్థము చెప్పినది. 'సూతే' యని యాత్మనేపదము. ఈ యాత్మనేపదము ఙకారానుబంధమువలన 1.3.12 సూత్రముచే వచ్చినదే గాని, క్రియాఫలము కర్తకు జెందుటవలన వచ్చినది గాదు. కావున దీనినుండి తత్త్వార్థములు పిండుట తగదు. కాని కర్త తల్లియే యనుటలో సందేహము లేదు. తెలుగునను నంతే: కన్నది తల్లి, నీళ్లాడినది తల్లి. మంత్రసాని యేమి చేసినది? పురుడు పోసినది. గమనింపుడు, ఆమె క్రియకు గర్మ పురుడే గాని బిడ్డ గాదు. బిడ్డ విషయమున దల్లి కర్తృత్వమును మన నుడికారము మంత్రసానికి గూడ నొసంగలేదు.

ఆంగ్లమున 'డెలివర్' అను క్రియ యున్నది. అదియు విడిపించుట యను నర్థము గల లాటిను ధాతువునుండి వచ్చినదే. మన విమోచనమునకు సోదరార్థము. పూర్వకాలపు టాంగ్లమున దల్లి బిడ్డనుండి విమోచింపబడినదని చెప్పువాడుక గలదు. అచట బ్రధానము తల్లి. తరువాతి వాడుకలో వైద్యుడు బిడ్డను 'డెలివర్' చేసెనందురు. వైద్యుడు కర్త, బిడ్డ కర్మ, తల్లి యే కారకమో చెప్పుట కష్టము. మెర్సెడు వైద్యశాలలోని లోహపుబల్ల యీ వాక్యమునకు దృశ్యరూపము. ఫౌవాకు జరిగిన దింతయే: పూర్వము కర్తయైనది యిప్పుడు అధికరణమైనది.

జరాయువును గూర్చి గ్రంథకర్త్రి చెప్పిన విషయము మఱింత విచారణీయము. హ్మోంగుభాషలో మావికి, పైన దొడుగుకొను చొక్కా యను నర్థమిచ్చు పేరు. అది మానవుని మొదటి వస్త్రము. స్వదేశమున నాడుబిడ్డ మావిని దల్లిదండ్రుల మంచము క్రిందను, మగబిడ్డ మావిని నడిమి స్తంభము కడను బాతిపెట్టుదురు. మరణానంతరము జీవుడు వచ్చిన త్రోవనే వెనుకకు బోయి, యా వస్త్రమును దొడుగుకొని పితృలోకమునకు బోవలెను. అది దొరకనిచో నగ్నముగా నెల్లకాలము దిరుగుచుండును. మనభాషలో జరను బొందునది గనుక జరాయువని వ్యుత్పత్తి చెప్పుదురు. వైదికవాఙ్మయమున బాము విడిచిన కుబుసమునకును నీ పేరు గలదు. విడిచిన వస్త్రమను భావమునకు మనమును దూరస్థులము గాము. మన పల్లెలలో మావిని గుండలోబెట్టి పెరట బూడ్చు నాచారము పెద్దలకు దెలిసినదే.

కొందఱు హ్మోంగు స్త్రీలు మావిని ఇంటికి గొనిపోవ ననుజ్ఞ వేడిరట. వైద్యులలో గొంద ఱొసంగిరి, పెక్కుమంది నిరాకరించిరి. ఫౌవా యడుగనే లేదు. అడుగుటకు భాష లేదు. అడిగి తెచ్చుకొన్నను, అద్దెయింటి చెక్కనేల నిండ దివాచీ పఱచియున్నది, పాతుటకు మన్నెక్కడ? ఈ యొక్క వాక్యమునకు గ్రంథకర్త్రిని నేను మిక్కిలి ప్రశంసింతును. దయలేని వైద్యునిమీద నింద మోపుట సులభము. ఎవరి దోషమును లేకయే యాచారము నిలువ నేలలేకపోవుట చూపుట కష్టము.

పురిటి పథ్యమునందును నిట్లే. ప్రసవానంతరము మంచునీళ్లీయగా ఫౌవాకు మనసొప్పలేదు. చల్లని పదార్థము గర్భకోశమున రక్తమును గడ్డకట్టించునని యామె నమ్మకము. భర్త ప్రతిదినము వేడియన్నమును, అయిదు మూలికలతో నుడికించిన కోడిమాంసమును దెచ్చెను. ఆ మూలికలను వా రద్దెయింటి వెనుక బండ్లు నిలుపు చోటి యంచున బెంచిరి. బాలింతకు వేడినీళ్లును గాయమును నిచ్చు మన యిల్లాండ్ర కిది వింతగాదు.

ఇక దోషవిచారము. లాహిరి నవలయందు గథ ఆషిమా కనులతోడనే నడచుటచే బరిచారిక మనసు మన కందదు. ఆ చిఱునవ్వు దయయో యవహేళనమో తేలకుండ నిలిచిపోయినది. ఇది కొందఱకు లోపముగా దోచవచ్చును, నాకు గుణమే. పరదేశమున భాష తడబడువానికి నెదుటివారి చిఱునవ్వు సందిగ్ధముగానే యుండును. వస్తువుల పట్టిక లెక్కువయగుట మాత్రము దోషమే. ప్రతివస్తువును విరహచిహ్నమైనచో విరహము పలుచనగును. ఫాడిమాన్ గ్రంథమునకు వేఱొక దోషము గలదు. ఫౌవా మాటలు దుబాసీ ద్వారమున వచ్చినవి. వానిని వాక్యములుగా గూర్చినది రచయిత్రి. కర్తృత్వము పోయినదని వగచు గ్రంథముననే ఫౌవా మరల గర్మయైనది. ఇది తప్పించుకొనరాని దోషము కావచ్చును. ఆమె స్వయముగా నాంగ్లమున వ్రాయజాలదు. అయినను దోషము దోషమే యని చెప్పుట విమర్శకుని విధి.

వైద్యశాలలు వలదని నా యాశయమని యెవరును దలపవలదు. ఇంటి పురిటిలో దల్లులను, శిశువులను గోలుపోయిన కుటుంబములు మనలో నెన్నియో గలవు. ఆ విషయమున బూర్వాచారమును బొగడుట క్రూరత్వము. నేర్పును విడిచి యనురాగమును గోరుట గాదు, చరకుడు రెంటిని నొక్కవాక్యమున నుంచినట్లు రెంటిని గోరుట న్యాయము.

మన తెలుగువారికి నీ విచారము దూరపువార్త గాదు. తొలి కాన్పునకు గూతురు పుట్టినింటికి వచ్చుట మన యాచారము. ఇప్పుడు తల్లియే కూతు పురిటికి విమానమెక్కి యమెరికాకు బోవుచున్నది. పుట్టినిల్లే ప్రయాణము చేయుచున్నదన్న మాట. ఆ తల్లి పెట్టెలో గాయపు బొడి యుండును గాని, వైద్యునితో దన కూతు బాధను జెప్పుటకు మాట లుండవు. వేవిళ్లు, నొప్పులు, ఉమ్మనీరు, మావి యను నీ మాటలు మన నిఘంటువులలో బర్యాయపదములుగా నిద్రించుచున్నవి. వానిని బరభాషలలోనికి దప్పులేకుండ జేర్చు పదకోశము పండితులును వైద్యులును గలిసి కూర్పవలసిన పని. ఇట్టి కోశమొకటి మెర్సెడు వైద్యశాలలో నుండినచో, ఫౌవా కనీసము వేడినీళ్లడిగి యుండును.

శబ్దార్థములను విచారించువానికి సూతికాగృహముతో బనియేమి యని యడిగిన మిత్రులకు నా ప్రత్యుత్తర మిదియే. ఒకచోట బ్రత్యయమొకటి తల్లి మనసును గాయపఱచినది. ఒకచోట మాట లేమి తల్లిని గర్తృస్థానమునుండి తొలగించినది. ఇది శబ్దశాస్త్రమునకు విషయము గానిచో, మఱి యేది విషయమగునో విజ్ఞులే విచారింతురు గాక.